ఉష్ణకిరణప్రసారము: తత్పదవిచారము

రోహిణికార్తె యెండలకు రోళ్ళు పగులునను నానుడి తెలుగునాట నెల్లరెరిగినదే. కృష్ణాతీరమున నది మరింత సార్థకము. బెజవాడ కొండలనడుమ నున్న పట్టణమగుటచే నచ్చటి వేసవి పేరుపొందినది. దానిని పరిహాసముగా 'బ్లేజువాడ' యనుటయు వాడుకలో నున్నది. అచ్చటి గృహస్థుడు వేసవిదినమున వేడిని మూడు తెరగుల చెప్పును. ఎండలోనున్న యిత్తడిబిందెను ముట్టినప్పుడు 'చేయి చురుక్కుమన్నది' యనును. పడమటిగాలి వీచినప్పుడు 'వడ కొట్టుచున్నది' యనును. ప్రొద్దు గ్రుంకి గాలి నిలిచిన పిదప రాతిగోడకు బారెడు దూరమున కూర్చుండి 'గోడ సెగ కొట్టుచున్నది' యనును. మొదటిది తాకుటవలన వచ్చిన వేడి. రెండవది గాలి మోసికొనివచ్చిన వేడి. మూడవది తాకుటయు మోయుటయు లేకయే దూరమునుండి వచ్చిన వేడి.

పాఠ్యగ్రంథములు ఈ మూడింటికిని వరుసగా ఉష్ణవహనము, ఉష్ణసంవహనము, ఉష్ణవికిరణము అని పేరులిడినవి. ఈ పేరులు స్థిరపడినవి. వానిని గూర్చి వివాదము లేదు. అయితే మూడవదానికి సంబంధించి యొక ప్రశ్న మిగిలియున్నది. దూరమునుండి వచ్చు సెగకు నడుమ నొక వస్తువు నడ్డముపెట్టినచో నది సెగను పోనిచ్చునా, ఆపునా? పోనిచ్చుదానిని ఏమనవలెను? ఆపుదానిని ఏమనవలెను? వెలుతురును పోనిచ్చుదానికి 'పారదర్శకము' అను మాట యున్నది. దానికి ముందు 'ఉష్ణ' శబ్దమును చేర్చి 'ఉష్ణపారదర్శకము' అనుట సులభముగా తోచును. సులభమైన యీ మార్గము సరియైనదా యనునదే యిచ్చట విచార్యాంశము. ఇది కేవలము శబ్దవివాదము కాదు. మాట తప్పినచో విద్యార్థికి వస్తుజ్ఞానమును తప్పును. వస్తుజ్ఞానము తప్పినచో నింటికప్పు మొదలు కిటికీవరకు లెక్క తప్పును.

ముందుగా దేశ్యపదములను చూడవలెను. వేడి, వెట్ట, కాక, ఉడుకు, ఉక్క, వడ, సెగ అనునవి తెలుగున నున్నవి. ఇవి పర్యాయములుగా కనబడినను వాడుకలో భేదము కలదు. ఉక్క యనగా గాలియాడక చెమటపట్టించు తడివేడి. కోస్తాలో నీ మాటకున్నంత పని మెట్టసీమలలో లేదు. వడ యనగా వేడిగాలి. వడగాలి, వడదెబ్బ యను మాటలు దానినుండి వచ్చినవే. సెగకు నిఘంటువులు మంట యనియు, వేడిమి యనియు నర్థములు చెప్పును. జనవ్యవహారమున మాత్రము సెగ 'తగులును', 'సోకును', 'కొట్టును'. అనగా నది యొకచోట పుట్టి మరియొకచోటికి వచ్చునది. పొయ్యికి దూరముగానున్న పిల్లవానిని 'సెగ తగులును, ఇవతలికి రమ్ము' అని తల్లి పిలుచును. పాలగిన్నెను పట్టుకొనిన చేతికి 'సెగ తగిలినది' యనరు, 'కాలినది' యందురు. కాబట్టి వికిరణోష్ణమునకు మిక్కిలి దగ్గరగా వచ్చు దేశ్యపదము సెగ. కమ్మరి కొలిమి యెదుట నిలిచినవానికి నీ మాటయొక్క యర్థమును వేరుగా బోధింపనక్కరలేదు.

ఇక శాస్త్రపరిచయము గల పండితులకు న్యాయవైశేషికములలోని తేజోవిచారము గుర్తుకు వచ్చును. ఆంధ్రుడని ప్రసిద్ధిగల అన్నంభట్టు తర్కసంగ్రహముతో విద్యారంభము చేసినవారికి తేజస్సు ఉష్ణస్పర్శవంతమని తెలియును. కేశవమిశ్రుని తర్కభాష యీ తేజస్సును నాలుగు విధములుగా విభజించినది. సూర్యునియందును, అగ్నియందును రూపమును స్పర్శమును రెండును ఉద్భూతములు. దీపప్రభయందు రూపము ఉద్భూతము, స్పర్శము అనుద్భూతము. కాగిన నీటిలోని తేజస్సునందు స్పర్శము ఉద్భూతము, రూపము అనుద్భూతము. నేత్రరశ్మియందు రెండును అనుద్భూతములు. కనబడని వేడి యున్నదనియు, వెలుగు వేడి ఒకే ద్రవ్యముయొక్క రెండు ధర్మములే యైనను ఒకటి లేకుండ మరియొకటి యనుభవమునకు రావచ్చుననియు నీ విభాగము చెప్పుచున్నది. నేటి విజ్ఞానమున కిది పర్యాయము కాదు. కాని విద్యార్థికి భేదమును చూపుటకు మంచి మెట్టు.

న్యాయసూత్రముల తృతీయాధ్యాయ ప్రథమాహ్నికమున నింకను సమీపమైన చర్చ యున్నది. గాజు, అభ్రకము, స్ఫటికము అడ్డమున్నను వస్తువు కనబడుచున్నది గదా, అట్లయిన కన్ను వస్తువును ప్రాప్తింపకయే గ్రహించునా యని పూర్వపక్షము. స్ఫటికము అడ్డమున్నను సూర్యరశ్మి దాహ్యవస్తువును చేరుట కాటంకము లేదని సమాధానము. భాష్యకారుడు దీనితోపాటు కుండలోని నీరు కాగుటను గూడ నుదాహరించెను. ఇచ్చటనే నేటి భౌతికశాస్త్రము వేరుచేయవలసిన రెండు విషయములు కలిసియున్నవి. స్ఫటికముగుండ రశ్మి పోవుట ప్రసారము. కుండగోడగుండ వేడి నీటికి చేరుట వహనము. మొదటిదానిలో నడ్డమున్న వస్తువు తాను వేడెక్కనక్కరలేదు. రెండవదానిలో నది వేడెక్కినగాని ఆవలిదానికి వేడి చేరదు. పదనిర్ణయమున కీ భేదమే ప్రాణము.

పాశ్చాత్యదేశములలో నీ భేదము తేలుటకు చాల కాలము పట్టినది. 17వ శతాబ్దిలో ఫ్రాన్సుదేశీయుడగు మారియోట్ గాజుపలక సూర్యుని వేడిని పోనిచ్చుననియు, పొయ్యి వేడిని చాలవరకు ఆపుననియు కనిపెట్టెను. 1777లో స్వీడనుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షీలే గాలియు నగ్నియు విషయముగా ప్రకటించిన గ్రంథమున, గాలితోపాటు పైకిపోవు వేడికంటె పొయ్యినుండి సూటిగా ముఖమునకు తగులు వేడి వేరని నిరూపించి దానికి 'కిరణోష్ణము' అను నర్థమిచ్చు పేరు పెట్టెను. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఎరుపురంగు కావల చీకటిగా కనబడు తావున నుంచిన ఉష్ణమాపకమున వేడి యెక్కువగుట చూచెను. పరారుణకిరణములనబడునవి యివియే.

పదసృష్టివిషయమున ప్రధానుడు ఇటలీదేశస్థుడగు మాసిడోనియో మెల్లోనీ (1798–1854). నోబిలీ నిర్మించిన ఉష్ణవిద్యుద్యంత్రమును సంస్కరించి 1830 తరువాతి సంవత్సరములలో నతడు బహువిధవస్తువుల పలకలను పరీక్షించెను. పడిన సెగ నూరుపాళ్ళనుకొనిన, 2.6 మిల్లీమీటర్ల మందముగల పలక గుండ పోయిన పాళ్ళను లెక్కించెను. గాజుపలక నూనెదీపపు సెగలో 39 పాళ్ళను, ఎర్రగా కాలిన ప్లాటినముయొక్క సెగలో 24 పాళ్ళను, 400 డిగ్రీల రాగియొక్క సెగలో 6 పాళ్ళను పోనిచ్చినది. 100 డిగ్రీల రాగియొక్క సెగను బొత్తిగా పోనీయలేదు. పటిక గాజువలెనే స్వచ్ఛముగా కనబడినను దీపపు సెగలో 9 పాళ్ళను, ప్లాటినపు సెగలో 2 పాళ్ళను మాత్రమే విడిచి, మిగిలిన రెండింటిని పూర్తిగా నాపినది. శిలాలవణము మాత్రము నాలుగింటిలోను 92 పాళ్ళను పోనిచ్చినది. మరియు నల్లగాజు, నల్లయభ్రకము వెలుతురును బొత్తిగా నాపినను సెగలో కొంత పోనిచ్చినవి.

ఈ ఫలితములవలన రెండు సంగతులు తేలినవి. వెలుతురును పోనిచ్చుటకును సెగను పోనిచ్చుటకును నియతసంబంధము లేదు. మరియు 'సెగ' యనునది యేకరూపము కాదు; ఒకే గాజు ఒక సెగను పోనిచ్చి మరియొక సెగను ఆపుచున్నది. మొదటి సంగతిని చెప్పుటకు మెల్లోనీ గ్రీకుభాషలోని 'గుండ' యను నర్థముగల 'డయా', వేడి యను నర్థముగల 'థెర్మ్' అను పదములనుండి 'డయాథర్మనస్' అను మాటను వ్యాప్తిలోనికి తెచ్చెను. దాని వ్యతిరేకము 'అథర్మనస్'. రెండవ సంగతికి రంగులను పోలికగా గొని 'థర్మోక్రోస్', అనగా ఉష్ణవర్ణము, అను మాటను కల్పించి, 1850లో నా పేరనే గ్రంథము ప్రకటించెను. మొదటి మాట కొంత నిలిచినది, రెండవది నిలువలేదు. తరంగదైర్ఘ్యమను భావము స్థిరపడినపిదప వర్ణోపమానముతో పనిలేకపోయినది. ఉపమానముపై నిలిచిన పదము ఉపమేయము స్పష్టమైనపిదప రాలిపోవుట కిది మంచి నిదర్శనము.

దీని కారణమును నేటి పరిభాషలో నిట్లు చెప్పవచ్చును. ప్రతివస్తువును తన వేడిని బట్టి కిరణములను వెదజల్లును. వేడి హెచ్చినకొలది ప్రబలకిరణముల తరంగదైర్ఘ్యము తగ్గును. సుమారు 5,500 డిగ్రీల సూర్యతలమునుండి వచ్చు కిరణములలో ప్రబలమైనవి 0.5 మైక్రోమీటరు ప్రాంతమున నుండును. 700 డిగ్రీల నిప్పుల సెగ 3 మైక్రోమీటర్ల దగ్గరను, 300 డిగ్రీల అట్లపెనము సెగ 5 దగ్గరను, 45 డిగ్రీల గోడ సెగ 9 దగ్గరను ప్రబలముగా నుండును. కంటికి కనబడునవి 0.4 మొదలు 0.7 వరకే. సామాన్యపు కిటికీగాజు 2.5 మైక్రోమీటర్లవరకు దారినిచ్చి, 4 లేక 5 దాటినపిదప మూసికొనును. కాబట్టి సూర్యునికి గాజు తెరచిన తలుపు. అట్లపెనమునకు మూసిన తలుపు. లోహమువలె నల్లగా మెరయు జెర్మేనియము కంటికి మూసిన తలుపైనను 2 మొదలు 14 మైక్రోమీటర్లవరకు తెరచియుండును; అందుచేతనే వేడిని చిత్రించు కెమెరాలకు దానితో కటకములు చేయుదురు. ఈ జెర్మేనియమును 'ఉష్ణపారదర్శకము' అనినచో విద్యార్థి దానిగుండ చూడవచ్చుననుకొనును. కిటికీగాజును 'పారదర్శకము' గనుక నెల్లవేడిని పోనిచ్చుననుకొనును. రెండును తప్పే.

మెల్లోనీ మెచ్చిన శిలాలవణము తెలుగువారికి క్రొత్తది కాదు. వైద్యుల యిండ్లలోను వంటయిండ్లలోను నుండు సైంధవలవణమే యది. సింధుదేశమునుండి వచ్చుటచే దానికాపేరు. కృష్ణాడెల్టా సముద్రతీరమున మళ్ళలో పండు నుప్పుకూడ రసాయనదృష్టిచే నదియే. అయినను కళ్ళుప్పు తెల్లగా కనబడును. ఎడతెగని స్ఫటికమగు సైంధవపుపలక స్వచ్ఛముగా నుండును. గింజగింజకు నడుమ కిరణములు చెదరిపోవుటయే యీ భేదమునకు కారణము. వస్తువొకటే యైనను రూపమును బట్టి ప్రసారము మారునని దీనివలన తెలియును. అంతియకాదు, తీరప్రాంతపు తేమగాలిలో లవణపలక చెమ్మగిల్లి మసకబారును. కావున ప్రయోగశాలలలో దానిని పొడిగా దాచవలసియుండును.

తేమగాలి ప్రసక్తి వచ్చినది కావున గాలిని గూర్చియు చెప్పవలెను. 1856లో అమెరికాదేశపు యూనిస్ ఫుట్ తేమగాలియు, బొగ్గుపులుసువాయువును ఎండలో నధికముగా వేడెక్కుట ప్రకటించెను. 1859 మొదలు జాన్ టిండల్ వాయువులగుండ సెగను పంపి పరీక్షించెను. పొడిగాలిలో నూటికి 99 పాళ్ళుండు నత్రజని ప్రాణవాయువులు సెగకు అడ్డము కావనియు, స్వల్పముగానుండు నీటియావిరియు బొగ్గుపులుసువాయువును దానిని పట్టి నిలుపుననియు తేలినది. కంటికి గాలి యెల్లప్పుడును స్వచ్ఛమే. సెగకు మాత్రము బందరుగాలియు అనంతపురపుగాలియు నొకటి కావు. మెట్టసీమలో రాత్రివేళ నేల తన వేడిని ఆకాశమునకు వెదజల్లి త్వరగా చల్లబడును. డెల్టాలో నీటియావిరి యా వేడిని పట్టి కొంత మరల నేలకే పంపును. అందుచే రాత్రియు నుక్క తీరదు. బెజవాడలో దీనికి తోడు ఇంద్రకీలాద్రి మొదలగు కొండరాళ్ళు పగటి యెండను త్రాగి రాత్రి సెగగా విడుచును.

ఈ జ్ఞానము గృహనిర్మాణమున కెట్లు పనికివచ్చునో చూడవలెను. ఇనుపరేకు కప్పు సూర్యకిరణములను గుండ పోనీయదు. అందుచే నది 'వేడి నాపును' అని చెప్పుట శబ్దతః సరియైనను అర్థతః మోసము. అది యెండను త్రాగి 60 డిగ్రీలకు మించి కాగి, అడుగువైపునుండి తన సొంత సెగను లోనివారి తలపై కురియును. తాటాకు కప్పు దళసరియై, పొరలనడుమ గాలి నిలుపుకొనుటచే పైవేడి యడుగునకు చేరుట ఆలస్యమగును. సున్నము వేసిన డాబా రెండువిధముల మేలు చేయును: ఎండలో నూటికి 70 పాళ్ళకు పైగా వెనుకకు త్రిప్పికొట్టును, త్రాగిన కొంచెమును దీర్ఘకిరణములుగా ఆకాశమునకు బాగుగ విడుచును. కంటికి తెల్లనిదైన సున్నము దీర్ఘకిరణముల విషయమున దాదాపు నల్లనిదే. తెలంగాణ ప్రభుత్వము 2023లో శీతలపైకప్పుల విధానమును ప్రకటించినప్పుడు దాని మూలసూత్రము తాతలనాటి సున్నపుపూత సూత్రమే. ఇక గాజుగోడల భవనము ఎండను లోనికి రానిచ్చి, లోపలి గోడల సెగను బయటికి పోనీయదు. కృష్ణాతీరమున నట్టిదానిని కట్టి యంత్రములతో చల్లబరచుట యొకచేత నీరు పోసి మరియొకచేత తోడుటవంటిది. 2015 మేనెలలో వడగాడ్పులకు ఆంధ్ర తెలంగాణములలో రెండువేలకు పైబడి జనులు మరణించిరి. రేకులకప్పు క్రింద నిదురించు బీదవానికి సెగ యెచ్చటనుండి వచ్చునో తెలియుట చదువులోని యలంకారము కాదు.

ఇప్పుడు పదనిర్ణయము. నాటి కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి శాస్త్రములను తెలుగున చెప్పవచ్చునని చూపినది మొదలు, 1968లో తెలుగు అకాడమీ యేర్పడి కళాశాలలకు పాఠ్యగ్రంథములు సమకూర్చువరకు, పరిభాషాకల్పనకు రెండు దారులు నడచినవి: సంస్కృతసమాసము, దేశ్యపదము. రెండును పరీక్షింపదగినవే.

'ఉష్ణపారదర్శకము' అనుదానిలో 'దర్శక' శబ్దము వ్యర్థమే కాక విరుద్ధము. ఆవలితీరమును చూపుట వెలుతురు పని, సెగ పని కాదు. 'ఉష్ణపారగము' అనినచో ఆవలికి పోవునది యని యర్థము. అది కిరణమునకు చెల్లును గాని కిరణమును పోనిచ్చు వస్తువునకు చెల్లదు. 'పారగమ్యము' వస్తువునకు చెల్లునుగాని ఇదివరకే నేలగుండ నీరింకుట మొదలగువాని విషయమున వాడుకలో నున్నది. ఆవలికి చేర్చునది యను నర్థముగల 'పారకము' వస్తుపరముగాను, క్లుప్తముగాను నున్నది. అయితే 'ఉష్ణపారకము' అని మాత్రమే యనిన చాలదు. కుండగోడకూడ ఉష్ణమును ఆవలికి చేర్చునదే. ఉష్ణగతిశాస్త్రమున వేడిని ఏ విధముగానైనను పోనిచ్చు గోడకు పాశ్చాత్యులు ఇంచుమించు నిదే పేరు పెట్టుటచే వారి విద్యార్థులును తికమకపడుదురు. తెలుగున నా చిక్కు కొనితెచ్చుకొననక్కరలేదు. 'ఉష్ణకిరణపారకము', 'ఉష్ణకిరణరోధకము' అని 'కిరణ' శబ్దమును నిలిపినచో సందేహము తీరును. గాలి అధమవాహకమైనను ఉష్ణకిరణపారకము. అల్యూమినియము ఉత్తమవాహకమైనను ఉష్ణకిరణరోధకము. ఈ రెండు వాక్యములను విరోధము లేకుండ చెప్పగలుగుటయే పదముయొక్క యోగ్యతకు పరీక్ష.

చిన్నతరగతులకు సమాసము బరువైనచో దేశ్యమార్గమున్నది. 'సూర్యరశ్మి చొరని అడవి' యను వాడుకలోని 'చొరు' ధాతువును గొని 'సెగ చొరనిచ్చునది', 'సెగ చొరనీయనిది' యని చెప్పవచ్చును. అయితే ఏ మాట వాడినను దాని వెంట 'ఏ సెగకు?' అను ప్రశ్న నుంచవలెను. ఎండసెగకు గాజు పారకము, గోడసెగకు రోధకము. ఈ విశేషణము లేక వస్తువునకు శాశ్వతముగా నొక పేరు తగిలించుట మెల్లోనీ పట్టికనే మరచుట యగును.

పాఠశాలలో దీనిని చూపుటకు యంత్రములక్కరలేదు. ఒక గాజుపలకను ఎండలో చేతికి అడ్డముగా పట్టవలెను. వేడి యంతగా తగ్గదు. అదే పలకను, ఎర్రబడనంతవరకు కాల్చిన పెనమునకును చేతికిని నడుమ పట్టవలెను. సెగ వెంటనే ఆగును. కొంతసేపు పట్టియుంచినచో మరల వెచ్చన తగులును. అప్పుడు విద్యార్థి 'గాజు పోనిచ్చుచున్నది' యనును. కాదు, గాజు తాను త్రాగిన సెగచే వేడెక్కి, తన సెగను తాను విడుచుచున్నది. ఈ యొక్క భేదమును గ్రహించినవాడు రేకులకప్పు రహస్యమును, తేమరాత్రి యుక్కను తనంత తానే చెప్పగలడు. అట్లు చెప్పుటకు వానికి సరియైన మాట నందించుట ఉపాధ్యాయుని వంతు.